రెండంగుళాల మడత

జూన్ 3

కొలతల పుస్తకంలో చివరి పేజీలు ఖాళీగా ఉన్నాయి కదా అని ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడైతే ఎవరూ చూడరు. మా ఆయన ఈ పుస్తకం తెరిస్తే నడుము ముప్పై నాలుగు, చేతులు ఇరవై రెండు అని కనపడుతుంది, వెంటనే మూసేస్తాడు. మా అత్తగారికి కళ్ళజోడు దొరికినప్పుడు ఓపిక ఉండదు, ఓపిక ఉన్నప్పుడు కళ్ళజోడు దొరకదు.

విషయం ఏమిటంటే, నా కూతురు మామూలు పిల్ల కాదు.

ఇవాళ స్కూలు ఆర్డరు వచ్చింది. నలభై ఆరు గౌన్లు, ఒక్కోదానికి రెండు మీటర్ల ముప్పై సెంటీమీటర్ల బట్ట. నోట్లో గుండుసూదులు పెట్టుకుని, కాలిక్యులేటర్ కోసం బల్లంతా తడుముతున్నాను. కటింగ్ బల్ల కింద నుంచి "నూట అయిదు మీటర్ల ఎనభై" అని వినిపించింది. గుండీ. నా కూతురి కాపురం అక్కడే. పనికిరాని గుండీలన్నీ ఒక రేకు డబ్బాలో పోసి ఇచ్చాను, వాటిని బారులు తీర్చుకుంటూ గంటలు గడిపేస్తుంది. ఏడాది పిల్లప్పుడు ఒక గుండీ మింగి, మూడో రోజు దాన్ని భద్రంగా మాకు అప్పజెప్పింది. ఆ పేరే ఉండిపోయింది. ఇప్పుడు ఎనిమిదేళ్ళు.

కాలిక్యులేటర్ దొరికాక నొక్కి చూశాను. నూట అయిదు పాయింట్ ఎనిమిది. నోట్లో సూదులు ఉండబట్టి సరిపోయింది గానీ, లేకపోతే వీధి వీధంతా పరుగెత్తుకొచ్చేలా అరిచేదాన్ని.

జూన్ 4

మా ఆయనకి చెప్పాను. ఆయన బస్సు డ్రైవరు. ఇంట్లో కూడా ఎవరైనా చెయ్యెత్తితే తప్ప ఆగి మాట వినడు. విన్నాక "మా నాన్న పోలిక" అన్నాడు. ఆ మహానుభావుడు తన పిల్లలెందరో కూడా వేళ్ళు మడిచి లెక్కపెట్టుకునేవాడని మా అత్తగారే నాతో చాలాసార్లు అంది. ఇవాళ మాత్రం కాజా కుడుతున్న సూది ఆపి, "అవును, అచ్చం ఆయనే" అని ఊరుకుంది.

ముప్పై ఏళ్ళు కత్తెర పట్టిన మా అమ్మ ఒక్క కొలత తప్పలేదు. ఆ మాట ఎవరికీ గుర్తు రాదు. సరే, రానివ్వకండి.

జూన్ 6

స్కూలు ఆర్డరుకి నమూనా గౌను కత్తిరిస్తుంటే, పొడవు ఇరవై ఆరని రాసుకుని ఇరవై ఎనిమిదికి ఎందుకు కత్తిరిస్తున్నావని గుండీ అడిగింది. పని విషయం కాబట్టి చెప్పాను. స్కూలు గౌనుకి ఎప్పుడూ రెండంగుళాలు కలిపి కత్తిరించి, ఆ రెండూ కింద లోపలికి మడిచి కుడతాం. పైకి కనపడదు. పిల్ల పొడుగైతే మడత విప్పుకోవచ్చు. మా అమ్మ నాకు నేర్పిన మొదటి పాఠం ఇదే. గుండీ శ్రద్ధగా విని మళ్ళీ బల్ల కిందికి పోయింది.

జూన్ 9

ఇవాళ ప్యాంటు కొలతలకి ఒక పెద్దమనిషి వచ్చాడు. నడుము చుట్టూ టేపు వేశాక నా నోరు ఆగలేదు. మా పాపని ఏదైనా ఒక లెక్క అడగండి అన్నాను. ఆయన అడిగాడు, గుండీ చెప్పింది. ఇంకోటి అడిగాడు, చెప్పింది. నేను పక్క కొట్టువాళ్ళని కూడా పిలిచాను. అంతసేపూ ఆయన టేపు లోపల ఊపిరి బిగబట్టుకుని నిలబడ్డాడు పాపం. ఆ ప్యాంటు బిగుతైతే తప్పు నాది కాదు.

ఇందులో డబ్బా కొట్టుకోవడమేమీ లేదు. వచ్చినవాళ్ళకి కాస్త కాలక్షేపం.

జూన్ 16

లెక్కల టీచర్‌గారు స్కూలుకి రమ్మన్నారు. ఆవిడ కోటు నేనే కుట్టాను. జేబులు కొంచెం వంకరగా వచ్చాయి. అందుకని ఆవిడ దగ్గర కాస్త ఒదిగి కూర్చుంటాను.

గుండీ క్లాసులో ఇచ్చిన లెక్కలన్నీ ఐదు నిమిషాల్లో చేసేసి, మిగతా నలభై నిమిషాలు కిటికీలోంచి చూస్తుందట. ఇలాంటి పిల్లల కోసం ప్రత్యేక తరగతి పెడుతున్నారట. పన్నెండు సీట్లు. జూలై 20న పరీక్ష, ముప్పై ప్రశ్నలు. ఆ తరగతి చెప్పేదీ ఆవిడే.

"పట్టించుకోకపోతే ఇలాంటి పిల్లలు తెలివిని దాచుకోవడం నేర్చుకుంటారమ్మా," అంది. "ఒకసారి ఆ దాచడం అలవాటైతే తర్వాత వాళ్ళకే దొరకదు."

ఇంట్లో నేనేం చెయ్యాలి అని అడిగాను. పాప అడిగేవి వినండి అంది. ఇదేం సలహా? ఏ పుస్తకం పేరో చెబుతుందనుకున్నాను. వింటూ కూర్చుంటే సీటు వస్తుందా? అడగాల్సింది నేను.

జూన్ 18

టైంటేబుల్ వేశాను. పొద్దున ఆరింటికి ఎక్కాలు. స్కూలు నుంచి రాగానే ఇరవై లెక్కలు. కొట్టులో ఎవరైనా వస్తే వాళ్ళ ముందు నాలుగు లెక్కలు, సభాపిరికితనం పోవాలి కదా. గుండీల డబ్బా బీరువా మీద పెట్టాను. పరీక్ష అయ్యేదాకా అది అక్కడే ఉంటుంది. గుండీ బీరువా వంక చూసింది గానీ ఏమీ అనలేదు. బుద్ధిమంతురాలు.

జూన్ 21

దారం రీలుకి చివర ఉంది కదా, అంకెలకి ఎందుకు లేదు అని గుండీ అడిగింది. కటింగ్‌లో ఉన్నాను. తర్వాత అన్నాను.

జూన్ 24

అద్దంలో చొక్కా గుండీలు కుడి నుంచి ఎడమకి మారతాయి కదా, పైవి కిందికి ఎందుకు మారవు అని అడిగింది. ఇస్త్రీ చేస్తున్నాను. తర్వాత అన్నాను.

జూన్ 25

అద్దం సంగతి మళ్ళీ అడిగింది. పరీక్షలో ఇవేమీ రావు అన్నాను.

మా అత్తగారు నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది, పిల్లని ఆడుకోనివ్వమని. నేను పిల్ల మీద ఒత్తిడి పెట్టే తల్లిని కాను. ఆ రకం తల్లుల్ని చూస్తే నాకే ఒళ్ళు మంట. ఇది రాసి పెట్టుకుంటున్నాను.

జూలై 1

మందుల షాపావిడ వచ్చింది, కోటు కుట్టించుకోడానికి. వాళ్ళబ్బాయి పోయినేడు పెద్ద తరగతి వాళ్ళ పరీక్షలో నెగ్గాడు. ఆ మాట ఆవిడ తలనొప్పి మాత్రతో కలిపి అందరికీ పంచుతుంది. ఇవాళ నా వంతు అనుకుని గుండీని బల్ల కింద నుంచి బయటికి పిలిచాను. పదిహేడు పద్నాలుగులు ఎంతే అన్నాను. నిద్రలో లేపి అడిగినా చెబుతుంది.

"రెండొందల నలభై," అంది.

రెండొందల ముప్పై ఎనిమిది. మందుల షాపావిడ మొహం వెలిగిపోయింది. పర్లేదులెండి, దాదాపు దగ్గరికొచ్చింది అంది. ఆ 'దాదాపు' తీసుకెళ్ళి ఎక్కడ పెట్టుకోమంటుంది? ఆవిడ భుజం కొలత మూడుసార్లు తీశాను, మూడుసార్లూ వేరువేరుగా వచ్చింది.

జూలై 2

ఇరవై అయిదు పదహార్లు. నాలుగొందల రెండట. నా తల.

జూలై 6

పొద్దుట్నుంచి ఒక్కటి కూడా సరిగ్గా చెప్పలేదు. అలిసిపోయిందేమో అని మా ఆయన అన్నాడు. ఏం చేసిందని అలిసిపోవడానికి? బస్సు నడిపిందా? ఇంతకీ ఈ తప్పులు ఎవరి పోలికో ఇప్పుడెవరూ చెప్పడం లేదు. మా అత్తగారు మాత్రం కాజా కుడుతూ మా పుట్టింటి వైపు చూసినట్టు అనిపించింది. మా పుట్టిల్లు ఎటువైపో ఆవిడకి తెలీదు, అయినా సరిగ్గా అటే చూసింది.

లెక్కలు ఇరవై నుంచి ముప్పై చేశాను. మళ్ళీ ఆలోచించి పదికి తగ్గించాను. తప్పుల మీద తప్పులు వినడం నా వల్ల కాలేదు.

జూలై 12

గుండీ ఇవాళ నన్ను ఏమీ అడగలేదు. హమ్మయ్య, పని సాగింది.

జూలై 16

ఇవాళ కూడా ఏమీ అడగలేదు.

జూలై 20

పరీక్షకి మా ఆయన బస్సులోనే తీసుకెళ్ళాడు. గేటు ముందు స్టాప్ లేకపోయినా ఆపాడు. ఆయన జీవితంలో చేసిన ఏకైక తప్పుడు పని ఇదే. భయపడకు, నీకన్నీ వచ్చు అని గుండీ చెవిలో చెప్పాను. నాకు తెలుసమ్మా అంది. ఆ మాట ఎంత మామూలుగా అందో.

జూలై 27

సున్నా.

ముప్పైకి సున్నా. జవాబులు దిద్దేది వేరే ఆఫీసువాళ్ళట, టీచర్‌గారికి కూడా మార్కుల పట్టీయే వచ్చింది. అడిగి అడిగి జవాబుల కాగితం తెచ్చుకున్నాను. ముప్పై ఇంటూలు వరసగా, ఒక్కటి కూడా తప్పిపోకుండా. కళ్ళు మూసుకుని రాసినా ఒకటో రెండో తగలాలి కదా?

ఇంటికొచ్చి అరిచాను. ఏం అన్నానో రాయను. చివర్లో అన్నది మాత్రం రాస్తాను, లేకపోతే రేపు నేను అనలేదని నాకు నేనే చెప్పుకుంటాను. నీ మీద ఆశలు పెట్టుకున్నందుకు నా పరువు తీశావు అన్నాను. ఎనిమిదేళ్ళ పిల్లని.

అది ఏడవలేదు. మా అత్తగారు దాని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళిపోయింది.

జూలై 28

గుండీతో మాట్లాడలేదు. అదీ మాట్లాడలేదు. ఇద్దరం కలిసి మౌనంగా టీ, పాలు తాగాం. మా ఆయన ఇద్దరి మధ్యా కూర్చుని సిగ్నల్ కోసం చూస్తున్నట్టు చూశాడు.

టీచర్‌గారు చెప్పిన మాట తిరిగి తిరిగి గుర్తొస్తోంది. తర్వాత వాళ్ళకే దొరకదు అని.

జూలై 29

స్కూలు గౌన్లు కటింగ్ మొదలుపెట్టాను. పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా ఒకటే పని. కొలతల పట్టీలో ఉన్న పొడవు చూడటం, రెండు కలపడం, సుద్దతో గీయడం. ఇరవై నాలుగు, ఇరవై ఆరు. ఇరవై ఏడు, ఇరవై తొమ్మిది. పంతొమ్మిది గౌన్లయ్యాక నడుము పట్టేసి కూర్చున్నాను. కూర్చున్నదాన్ని ఊరికే ఉండలేక ఆ జవాబుల కాగితం తీశాను. ఒక్కో తప్పుకీ గుండీని నిలబెట్టి అడగాలని, కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని అసలు జవాబులు పక్కన రాయడం మొదలుపెట్టాను.

మొదటిది నూట నలభై. నూట నలభై రెండని రాసింది. రెండోది ముప్పై అయిదు. ముప్పై ఏడు రాసింది. మూడోది, రైలు నాలుగింటికి చేరుతుంది. ఆరింటికి చేర్చింది. నాలుగోది ఒక వింత లెక్క, జవాబు అర. గుండీ రెండున్నర రాసింది.

అక్కడ ఆగాను. రెండున్నర అని ఎవరికైనా ఎలా వస్తుంది?

పొద్దుట్నుంచి పంతొమ్మిది సార్లు అదే పని చేసిన చెయ్యి నాది. గబగబా మిగతావి చూశాను. ముప్పైకి ముప్పై. ప్రతి జవాబుకీ రెండు కలిపింది. ఎక్కడా మూడు లేదు, ఒకటి లేదు. తర్వాత ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. రెండొందల నలభై. నాలుగొందల రెండు. నా చేత్తో నేనే రాసుకుని, నేనే చూడలేదు.

గుండీ స్కూలు నుంచి వచ్చి బల్ల కిందికి పోయింది. నేనూ దూరాను. నా సైజుకి అది చిన్న పని కాదు, ఒక కాలు బయటే ఉండిపోయింది. కాగితం దాని ముందు పెట్టాను.

"రెండెందుకే?" అన్నాను.

చాలాసేపు నేల మీద దారం ముక్కలు ఏరింది. "నువ్వే చెప్పావు కదా. రెండు లోపల పెడితే పైకి కనపడదు, కావాలంటే తర్వాత విప్పుకోవచ్చని."

"మరి తప్పు చెప్పడమెందుకు?"

"కరెక్టు చెప్తే ఇంకోటి అడుగుతావు. తప్పు చెప్తే వదిలేస్తావు."

పరీక్షలో కూడా ఎందుకు అలా రాశావంటే, ఆ క్లాసు నిండా అడిగేవాళ్ళే ఉంటారనుకుందట. అమ్మ అడిగేవే చాలు అనుకుందట. అది దారం ముక్కలన్నీ ఒక చోట కుప్ప పోసింది.

"నువ్వు కనుక్కుంటావనుకున్నా," అంది. "కొలతలు నీకు బాగా తెలుసు కదా. మొదటిరోజే కనుక్కుంటావనుకున్నా."

ఏడ్చాను. మామూలుగా కాదు, ముక్కు చీదుకుంటూ, ఆ కొత్త గౌను గుడ్డకే తుడుచుకుంటూ. గుండీ నా చెవి పట్టుకుని కూర్చుంది, చిన్నప్పుడు నిద్ర వచ్చినప్పుడు పట్టుకున్నట్టు. నిన్ను అలా అన్నాను, తప్పు నాది అన్నాను. ఊ అంది. క్షమించిందో, విన్నానందో తెలీదు.

బల్ల పక్కన మా అత్తగారి కాళ్ళు ఉన్నాయి. ఆవిడ వంగి చూసి, నాకెప్పుడో తెలుసు అంది. ఆవిడకి అన్నీ ఎప్పుడో తెలుసు. నాకు చెప్పడమే ఎప్పుడూ తెలీదు. గట్టిగా ఒక మాట అందామనుకునేలోపు, "నిన్ను అడిగి అడిగి, చివరికి నన్ను అడగడం మొదలుపెట్టింది. నాకేం తెలుసని చెప్పను?" అంది.

గుండీల డబ్బా బీరువా మీద నుంచి దించాను. మూత మీద దుమ్ము.

జూలై 30

ముందు గుండీనే అడిగాను, ఆ క్లాసుకి వెళ్ళాలనుందా అని. అక్కడ నేను అడగొచ్చా అంది. నాకు తెలీదు అన్నాను. నోట్లోంచి ఆ మాట రావడం ఎంత కష్టమో. పద, నువ్వే అడుగు అని తీసుకెళ్ళాను.

టీచర్‌గారు పెన్సిల్ తీసుకుని, ఒక్కో జవాబులోంచి రెండు తీసేస్తూ వెళ్ళింది. ఆఖరి దాకా వెళ్ళి పెన్సిల్ కింద పెట్టింది. పన్నెండు పేర్లూ నిన్ననే వెళ్ళిపోయాయట. ఈ ఏడాదికి ఇంక కుదరదట. బతిమాలాను. కోటు జేబులు మళ్ళీ కుట్టి ఇస్తానన్నాను. ఆవిడ నవ్వింది గానీ, కుదరదనే అంది.

నా నోటి దురదకి దాని ఏడాది పోయింది. ఇది ఎటు మడిచి కుట్టినా కనపడుతుంది.

తర్వాత ఆవిడ గుండీ వైపు తిరిగి, శనివారాలు మధ్యాహ్నం నా గదికి రా, నేనేమీ అడగను అంది. గుండీ కాసేపు ఆవిణ్ణి ఎగాదిగా చూసింది. నమ్మొచ్చా లేదా అని కొలత తీసుకుంటున్నట్టు. అప్పుడు అడిగింది, అద్దంలో గుండీలు పక్కకి మారినప్పుడు పైవి కిందికి ఎందుకు మారవని.

టీచర్‌గారు జవాబు చెప్పలేదు. సంచిలోంచి చిన్న అద్దం తీసింది. ఇద్దరూ కిటికీ దగ్గరికి పోయి, అద్దాన్ని అడ్డంగా, నిలువుగా, తలకిందులుగా పట్టుకుని, ఒకళ్ళ మాట ఒకళ్ళు కోసేస్తూ మాట్లాడుకున్నారు. నేనొకదాన్ని ఉన్నానని ఇద్దరికీ గుర్తులేదు. అరగంట నిలబడి, ఆవిడ కోటు తీసుకుని వచ్చేశాను. జేబులు నిజంగానే చాలా వంకర.

ఆగస్టు 2

ఇంతకాలం చూడనే లేదు, గుండీ గౌను మోకాళ్ళ పైకి వచ్చేసింది. దర్జీ కూతురు మరి. ఇవాళ మడత విప్పాను. పాత కుట్టు గీత ఇంకా కనపడుతోంది. ఎంత ఇస్త్రీ చేసినా పోలేదు.

ఆగస్టు 5

మందుల షాపావిడ కోటు తీసుకోడానికి వచ్చింది. కొట్టులో ఇంకో ఇద్దరున్నారు. వాళ్ళు కూడా వినేలా, "మీ పాపకి సున్నా వచ్చిందటగా? బాధపడకండి, అందరికీ ఆ తెలివి ఉండాలని ఏముంది," అంది.

జవాబుల కాగితం సొరుగులోనే ఉంది. తీసి బల్ల మీద పరిస్తే చాలు, ఆవిడ మొహం చూడటానికి రెండు కళ్ళు చాలవు. లేదా గుండీని బయటికి పిలిచి ఒక్కటంటే ఒక్క లెక్క. బల్ల కింద గుండీల చప్పుడు ఆగిపోయింది. వింటోంది. నేను పిలుస్తానని చూస్తోంది.

గుండుసూదుల డబ్బా తీసి, నాలుగైదు నోట్లో పెట్టుకున్నాను. "ఊ" అన్నాను. ఇంకో రెండు పెట్టుకున్నాను. ఆవిడ ఇంకేవో అంది, నేను ఊ కొట్టాను, కోటు మడిచి చేతిలో పెట్టాను. నా ప్రాణం ఎంత విలవిల్లాడిందో నాకే తెలుసు. ఆవిడ మెట్లు దిగుతుంటే కింద గుండీలు మళ్ళీ గలగలమన్నాయి.

సూదులు తీసేసి, మిగిలిన గౌన్లు ముందేసుకున్నాను. రేపటికి ఇవ్వాలి, ఇంకా పదకొండు ఉన్నాయి. కాసేపటికి నా కాలి దగ్గర నుంచి తల బయటికి వచ్చింది.

"అమ్మా, దారం రీలుకి చివర ఉంది కదా. అంకెలకి ఎందుకు లేదు?"

కటింగ్‌లో ఉన్నాను. కత్తెర కింద పెట్టాను.